అక్కా అంటే ఏం పోయింది

మా అమ్మాయికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఈ ముక్క నేను రోజూ ఎవరో ఒకరికి చెప్పాల్సి వస్తుంది. మెట్రో స్టేషన్లో బ్యాగులు తనిఖీ చేసే ఆవిడకి, గుడి బయట చెప్పులు చూసుకునే ఆయనకి, కంటి డాక్టరు దగ్గర పేర్లు రాసుకునే అమ్మాయికి. "పాపది ఏ క్లాసండీ?" అని అడుగుతారు. అడిగేది నన్ను, పక్కనే నిలబడ్డ మనిషిని కాదు. మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. ఆ ఓపిక ఎప్పుడో అయిపోయింది. "పాప కాదండీ, దానికి ఓటు కూడా ఉంది," అంటాను. వాళ్ళు అయ్యో పాపం అన్నట్టు తలూపి దాని చేతిలో ఒక చాక్లెట్ పెడతారు.

పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్. అందరికీ ఉండే క్రోమోజోముల కంటే ఒకటి ఎక్కువ, అంతే. మాట కాస్త ముద్దగా వస్తుంది. కొత్త పని నేర్చుకోవడానికి టైము పడుతుంది. నా భుజం దాకా వస్తుంది, కళ్ళు కొంచెం చిన్నవి. మిగతా అంతా మామూలే. మొండితనం ఉంది, అది మాత్రం క్రోమోజోము వల్ల వచ్చింది కాదు, మా అత్తగారి వైపు నుంచి వచ్చింది.

మాది కృష్ణా జిల్లా. పెళ్ళయిన కొత్తలో వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డాం. మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెబుతారు. మేం ఇప్పటికీ మా ఊరి తెలుగే మాట్లాడతాం. మా అమ్మాయిది మాత్రం పక్కా తెలంగాణ తెలుగు. మీర్‌పేట్‌లో ప్రత్యేక బడిలో చదివింది, ఆ తరవాత షాపులో పడింది, ఆ భాషే దానికి పట్టుబడింది. "ఏంటమ్మా అది, 'ఏంది' అంటావ్?" అని మా ఆయన సరిదిద్దబోతే, "నువ్వే తప్పు మాట్లాడుతున్నవ్ డాడీ," అంటుంది.

షాపు అంటే మ్యాచింగ్ సెంటర్. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీంచి లోపలికి వెళ్ళే ఒక సందులో ఉంది. చీర పట్టుకెళితే దానికి సరిపోయే జాకెట్ ముక్క, లైనింగ్, ఫాల్ తీసిస్తారు. ఒక్కో ఆడమనిషి కౌంటరు ముందు నిలబడి, "ఇది కాదు, కొంచెం ముదురుగా, అంత ముదురు కాదు," అంటూ పాతిక ముక్కలు పీకించి చివరికి మొదటిదే కొంటుంది. ఆ పీకించినవన్నీ మళ్ళీ మడతపెట్టి ఏ రంగు అరలో ఆ రంగు సర్దాలి. అదీ మా అమ్మాయి పని. ఆ ఉద్యోగం కోసం నేను ఆ సందుల్లో చెప్పులరిగేలా తిరిగాను. "చూద్దాం మేడం," "పండగలయినంక చూద్దాం మేడం," "మా ఆయనని అడిగి చెప్తాండీ" అన్నవాళ్ళందరినీ దాటుకుని, చివరికి ఈ ఓనరు ఒప్పుకున్నాడు. మంచివాడే. నాకు ఒళ్ళు మండేది సరిగ్గా ఇలాంటి మంచివాళ్ళతోనే.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ బట్టల కొట్టులోనైనా ఉంటుంది. వయసుతో పనిలేదు, ముందు చేరినవాళ్ళు అక్కలు, వెనక చేరినవాళ్ళు చెల్లెళ్ళు. కొత్తగా వచ్చినమ్మాయి అందరినీ అక్కా అక్కా అంటూ తిరగాలి, టీ చెప్పి రావాలి, నిచ్చెన ఎక్కమంటే ఎక్కాలి. మా అమ్మాయి చేరినప్పుడు అదే అందరికంటే వెనక. తనకంటే చిన్నవాళ్ళని కూడా అక్కా అంది. ఆ తరవాత మూడేళ్ళపాటు కొత్తగా ఎవరూ చేరలేదు. "సేటు కొత్త పిల్లను పెడతడట," అని ఇంటికొచ్చి చెప్పేది. ఓ వారం పోయాక, "ఇంక పెట్టలే," అని చెప్పేది. దానికి తోబుట్టువులు లేరు. చుట్టాల పిల్లలందరూ, ఎల్‌కేజీ చదివేవాళ్ళతో సహా, దాన్ని పేరు పెట్టే పిలుస్తారు. పుట్టిన దగ్గర్నుంచీ దాన్ని అక్కా అన్నవాళ్ళు ఒక్కరు లేరు. ఆ సంగతి అది లెక్కలోకి తీసుకుంటుందని మాకు తట్టనే లేదు.

శ్రావణమాసం ముందు గిరాకీ పెరిగి, ఓనరు నిజంగానే కొత్త పిల్లని పెట్టాడు. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి బస్సులో వస్తుంది. పంతొమ్మిదేళ్ళు. ఆరోజు పొద్దున్నే మా అమ్మాయి కొత్త డ్రెస్సు వేసుకుని వెళ్ళింది. ఏ అరలో ఏముందో ఆ పిల్లకి దగ్గరుండి చూపించిందట. సాయంత్రం ఇంటికొచ్చి చున్నీ తీసి మడతపెట్టింది, సోఫాలో కూర్చుంది.

"రేపటి సంది నేను పోను."

"ఎందుకే?"

"గా పిల్ల నన్ను పాప అన్నది."

"అంతేనా?" అన్నాను నేను.

"అంతేనా ఏంది? అందర్ని అక్క అన్నది. నన్ను 'పాపా, గా లైనింగ్ ఇయ్యవా' అన్నది. అందరు నవ్విన్రు."

అన్నం తినలేదు. ఏడవనూ లేదు. ఏడిస్తే ఊరుకోబెట్టేదాన్ని. మర్నాడు నిజంగానే వెళ్ళలేదు, ఆ మర్నాడూ వెళ్ళలేదు. ఎంత తిరిగితే దొరికిన ఉద్యోగం! నాకు నిద్ర పట్టలేదు. అసలే నాకు ముక్కు మీద కోపం. మూడోనాడు ఆటో ఎక్కి నేనే షాపుకి వెళ్ళాను.

ఓనరు కుర్చీ వేయించి, మంచినీళ్ళు తెప్పించి, నేను చెప్పిందంతా విన్నాడు. విని, "ముద్దుగ అంటరమ్మా. గామె దేవుని బిడ్డ. మా షాపుకు లక్ష్మి. గింత దానికి గంత పరేషాన్ ఎందుకయితున్నరు?" అన్నాడు.

దేవుని బిడ్డ! ఈ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మిగతా జనమంతా ఎవరి బిడ్డలు మరి? దేవుని బిడ్డ అన్నాక ఇక ఆ మనిషికి జీతం పెంచక్కర్లేదు, పెళ్ళి ఊసెత్తక్కర్లేదు, కోపం వస్తే పట్టించుకోనక్కర్లేదు. నేను గొంతు పెంచాను. బేరానికి వచ్చిన ఆడవాళ్ళు చీరలు వదిలేసి నన్ను చూశారు. కొత్త పిల్ల బిక్కచచ్చిపోయి, "నాకెరకలే ఆంటీ, అందరు గట్లనే పిలుస్తున్రు, నేను గూడ పిలిచిన," అని ఏడ్చింది. ఆ పిల్ల తప్పేముంది! అక్కడ పనిచేసే అక్కలందరూ మూడేళ్ళుగా మా అమ్మాయిని పాపా అనే పిలుస్తున్నారట. వాళ్ళ దగ్గర అది పట్టించుకోలేదు, వాళ్ళు సీనియర్లు కాబట్టి.

నేనేదో కోట జయించినట్టు ఇంటికొచ్చి చెప్పాను. మా అమ్మాయి నా మీద విరుచుకుపడింది.

"నువ్వెందుకు పోయినవ్? వేరేటోళ్ళ అమ్మలు షాపుకొచ్చి లొల్లి పెడతరా? ఇంక నేను అస్సలు పోను!"

తలుపు వేసుకుంది. అడ్డం వచ్చినవాళ్ళతో ఇరవై ఎనిమిదేళ్ళుగా పోట్లాడుతూ వచ్చినదాన్ని. ఏ పోట్లాటకీ ఇంత మర్యాద దక్కలేదు నాకు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఢిల్లీ కబురొచ్చింది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళ కుటుంబాలన్నీ కలిసి దేశమంతటికీ పెట్టుకున్న సమాఖ్య ఒకటి ఉంది. పిల్ల పుట్టినప్పుడు ఏం చేయాలో తెలియని తల్లులకి ఫోన్లో ధైర్యం చెబుతారు, బడి, ఉద్యోగం, చట్టం అంటూ ఢిల్లీలో ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. మా వైపు కూడా దాని తాలూకు చిన్న సంఘం ఉంది. ఆదివారాలు ఎల్బీనగర్‌లో ఒక స్కూలువాళ్ళు గది ఇస్తే అక్కడ కలుస్తాం. నాగోల్ నుంచి, మీర్‌పేట్ నుంచి, ఇంకా అవతలి నుంచి వస్తారు. నాకు ఆ సంఘం మీద కృతజ్ఞత ఉంది, విసుగూ ఉంది. రెంటిలో ఏది ఎక్కువో వారాన్ని బట్టి మారుతుంది.

విసుగు ఎందుకంటే, ఆ సంఘం పేరులోనే 'పిల్లలు' అని ఉంది. నెత్తి మీద జుట్టు పలచబడ్డవాడు కూడా అక్కడ బాబే. ఏడాదికోసారి ఫంక్షన్ చేస్తాం. ఎవరో ఒక నాయకుడు తన పుట్టినరోజని వచ్చి అరటిపళ్ళు పంచి ఫొటో దిగుతాడు. తల్లులకి శాలువాలు కప్పుతారు. శాలువా కప్పించుకుని నేనేం చేసుకోను? ఎల్బీనగర్ ఎండలకి? ఆ తరవాత మైకులో, "ఇప్పుడు మన పిల్లలు డాన్సు చేస్తారు," అంటారు. ఎప్పుడూ డాన్సే. ముప్ఫై ఏళ్ళవాళ్ళని నిలబెట్టి సినిమా పాట పెట్టి చప్పట్లు కొడతారు. నువ్వేమనుకుంటున్నావు అని ఆ మైకు వాళ్ళ నోటి దగ్గర పెట్టిన పాపాన ఎవరూ పోలేదు.

ఢిల్లీవాళ్ళు ఈసారి సరిగ్గా ఆ పనే చేస్తామన్నారు. జాతీయ సమావేశంలో ఒక పూటంతా డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళే మాట్లాడతారు. పెద్ద అధికారులు వచ్చి వింటారు. ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు, సొంత భాషలో, సొంత మాటల్లో. తల్లిదండ్రులు స్టేజీ ఎక్కకూడదు, పక్కన నిలబడి అందించకూడదు. మా ఊరి నుంచి ఒకర్ని పంపమన్నారు. మనిషి కొంచెం బాగా మాట్లాడుతుంది, పైగా ఉద్యోగం చేస్తోంది అని అందరూ మా అమ్మాయి పేరు చెప్పారు. ఉద్యోగం మానేసి కూర్చుందని నేను నోరు విప్పలేదు.

మా సంఘం అధ్యక్షులు రిటైరైన బ్యాంకు మేనేజరు. గుంటూరు వైపు ఆయన. డెబ్బై దాటాయి. ఆయన మనవడికి డౌన్ సిండ్రోమ్. మంచి మనిషి, మళ్ళీ అదే గొడవ. "సొంత మాటలంటే ఏదో ఒకటి వాగేస్తారా అమ్మా? మనం రాసిచ్చి బాగా ప్రిపేర్ చేయించాలి," అన్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఢిల్లీవాళ్ళు ఇంకా సరే అనకముందే ఉపన్యాసం ఎలా మొదలవ్వాలో కూడా చెప్పేశారు. మా ఆయన తలూపారు. ఆయనకి అర్థమయ్యే భాష అది.

దిల్‌సుఖ్‌నగర్ గాలి పీల్చినవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. లోకంలో ఏ సమస్య ఉన్నా దానికో మెటీరియల్, ఓ డైలీ టెస్ట్, ఓ గ్రాండ్ టెస్ట్ ఉంటే తీరిపోతుందనుకుంటారు. మా ఆయన ఉపన్యాసాన్ని బిట్లు బిట్లుగా విడగొట్టారు. 'గౌరవనీయులైన' అని మొదలు, 'మా తల్లిదండ్రుల త్యాగం' మధ్యలో, 'మాకూ అవకాశమివ్వండి' చివర్లో. రోజూ సాయంత్రం హాల్లో కూర్చోబెట్టి బట్టీ పట్టించారు. తప్పు పోతే మళ్ళీ మొదటి నుంచి. సొంత మాటలు బట్టీ పట్టించడం మా ఇంట్లోనే జరిగింది. "ఏమండీ, అది చెప్పాలనుకున్నదేదో దాన్ని అడగరా?" అంటే, "ముందు ఇది వచ్చెయ్యనీవే, తరవాత చూద్దాం," అన్నారు. ఎంసెట్ పిల్లలకి కూడా ఆయన ఇదే చెబుతారు.

మా అమ్మాయి కిక్కురుమనకుండా అంతా నేర్చుకుంది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఆదివారం ఎల్బీనగర్ గదిలో అందరం కూర్చున్నాం. ఢిల్లీ నుంచి సమాఖ్య తరఫున ఒకావిడ వీడియో కాల్‌లోకి వచ్చింది. తెలుగు తెలిసినావిడే, విజయవాడలో పెరిగిందట. మా అమ్మాయి లేచి నిలబడి, ఎక్కాలు అప్పజెప్పినట్టు మొత్తం ఉపన్యాసం అప్పజెప్పింది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. మా ఆయన ముఖం వెలిగిపోయింది.

"చాలా బాగా చెప్పారు," అంది ఢిల్లీ ఆవిడ. "ఎవరు రాశారు?"

"డాడీ."

"మీకేం చెప్పాలని ఉంది?"

"నన్ను అక్క అనాలె," అంది మా అమ్మాయి.

గదిలో అందరూ నవ్వారు. ముద్దుగా అంది కదా మరి! అది నవ్వలేదు. షాపు సంగతి మొత్తం చెప్పింది, పని మానేసిన సంగతీ, నేను వెళ్ళి గొడవపడిన సంగతీ, ఏదీ దాచకుండా. నాకు తల తీసేసినట్టయింది. ఢిల్లీ ఆవిడ నవ్వకుండా విని, "ఇదే చెప్పండి. ఇలాగే చెప్పండి," అని కాల్ పెట్టేసింది.

అప్పుడు మొదలైంది అసలు రగడ. అధ్యక్షులు కుర్చీ నా వైపు జరుపుకున్నారు. "ఏమ్మా, అంత పెద్ద అధికారులు వచ్చే చోట మనకి దొరికేది మూడు నిమిషాలు. మన పిల్లలకి హెల్త్ ఇన్సూరెన్స్ ఇవ్వమంటే ఇవ్వట్లేదు. గుండెకి ఆపరేషన్ అంటే అప్పులు చేస్తున్నారు. ఉద్యోగాల్లేవు. మనం పోయాక వీళ్ళని ఎవరు చూస్తారో తెలీదు. ఇవన్నీ వదిలేసి, పాపని అక్కా అనలేదని ఢిల్లీ వెళ్ళి చెప్పుకుంటామా?"

ఆయన మీద ఎగిరి పడదామనుకున్నాను. కానీ ఆయన చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. మేం పోయాక ఎలా అన్నది నేను కూడా రోజూ అనుకునేదే. ఆ ఇన్సూరెన్స్ కోసం నేనూ ఫోన్లు చేసి చేసి అలిసిపోయాను. నాకే అనిపించింది, ఇది వదిలేసి అది చెబితే ఏం పోతుందని. ఇంటికొచ్చాక దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని బతిమాలాను. "అక్క అన్న మాటతో పాటు ఇన్సూరెన్స్ కూడా ఒక్క ముక్క చెప్పు బుజ్జీ."

"గది నాకు తెల్వది. అంకుల్‌ని చెప్పుకోమను. నాది నేను చెప్త."

"నీకు తెలియకపోతే నేను నేర్పుతాను."

"మల్ల నేర్పుతనంటవ్!" అని కళ్ళెర్రజేసింది. "ఇంట్ల బుజ్జి అను, ఏం కాదు. బయట అనకు. ఢిల్లీల అస్సలు అనకు."

ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. అధ్యక్షులు నాగోల్ అబ్బాయిని పంపుదామా అని కూడా ఆలోచించారు. ఆ అబ్బాయి ఏది రాసిస్తే అది చెబుతాడు. ఢిల్లీ ఆవిడ ఒప్పుకోలేదు. ఇన్సూరెన్స్ గురించి మధ్యాహ్నం తల్లిదండ్రుల సభ ఉంది, అక్కడ మీరే చెప్పండి, అందట ఆయనతో. ఆయన చిన్నబుచ్చుకున్నారు, కానీ రైలు టికెట్లు మాతో పాటే తీసుకున్నారు. మా ఆయన రాలేదు. సిలబస్ అవలేదట. ముప్ఫై ఏళ్ళుగా ఆ సిలబస్ అవగా నేను చూడలేదు.

రైల్లో దారంతా ఆయన పై బెర్తు మీంచి కిందికి వంగి దానికి హితబోధ చేస్తూనే ఉన్నారు. "పాపా, చివర్లో ఒక్క మాట, అవకాశమివ్వండి అని. అంతే. ఒక్క మాట." అది కిటికీలోంచి బయటికి చూస్తూ పల్లీలు తింటోంది. నాగపూర్ దాటాక నేనే లేచి, "అంకుల్, పడుకోండి. దాని మానాన దాన్ని వదిలేయండి," అన్నాను. అన్నాక నాకే భయం పట్టుకుంది. అంతమందిలో నోరు పెగలకపోతే? మాట ముద్దగా వస్తుంది కదా, అర్థం కాక నవ్వితే? ఇంకోసారి నవ్వారంటే ఇది షాపుకే కాదు, గుమ్మం దాటి ఎక్కడికీ వెళ్ళదు. బట్టీ పట్టిన ముక్కే నయం, కనీసం చప్పట్లయినా కొడతారు. ఆ రైల్లో నేను అనుకున్నవి పైకి అంటే మా అమ్మాయి నన్ను మధ్యలో దింపేసేది.

పెద్ద హాలు. ముందు వరసలో అధికారులు, వాళ్ళ ముందు నీళ్ళ సీసాలు, పూలు. స్టేజీ మీద ఒకమ్మాయి మైకు పట్టుకుని కార్యక్రమం నడిపిస్తోంది. చలాకీగా ఉంది, చేతులు తిప్పుతూ హిందీలో గలగలా మాట్లాడుతోంది. ఎవరు మాట్లాడినా, "వావ్ బేటా! ఎంత ముద్దుగా చెప్పావ్!" అంటోంది. కేరళ నుంచి వచ్చిన ఒకాయన తను చేసే హోటలు పని గురించి గంభీరంగా చెప్పాడు. మీసాలున్నాయి ఆయనకి. ఆయన్నీ బేటా అంది. నాకు పళ్ళు నూరుకోవడంతోనే సరిపోయింది.

మా అమ్మాయి మెట్లెక్కింది. పక్కన వీడియోలో మాట్లాడిన ఢిల్లీ ఆవిడ నిలబడింది, తెలుగులో చెప్పింది హిందీలో చెప్పడానికి. మా అమ్మాయి చున్నీ సర్దుకుంది. మైకు దగ్గరికి జరుపుకుంది. నా పక్కన అధ్యక్షులు, "గౌరవనీయులైన, గౌరవనీయులైన," అని గొణిగారు.

"నమస్తే," అంది. "నాకు ఇరవై ఎనిమిదేండ్లు. నేను మ్యాచింగ్ సెంటర్ల పని చేస్త. మూడేండ్లు చేసిన. అందర్ని అక్క అన్న. నా తర్వాత ఒక పిల్ల ఒచ్చింది. అందర్ని అక్క అన్నది, నన్ను పాప అన్నది. పాప అంటే ఏమయితది? పాపకు పెద్ద పని చెప్పరు. పాపకు కోపమొస్తే నవ్వుతరు. పాప ముందటనే, పాప గురించి, వాళ్ళ అమ్మను అడుగుతరు. నాకు నవ్వొస్తలేదు. నేను పని బంజేసిన. అది తప్పు. సోమవారం మల్ల పోత. గా పిల్లకు నేనే చెప్త. మా అమ్మ చెప్పదు. ఇంగ అయిపోయింది."

ఢిల్లీ ఆవిడ ఒక్కో మాటా హిందీలో చెప్పింది. ముందు వరసలో ఒకాయన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. చప్పట్లు మొదలయ్యాయి. హమ్మయ్య అనుకున్నాను. అంతలో ఆ చలాకీ అమ్మాయి పరిగెత్తుకొచ్చి, దాని బుగ్గ పట్టుకుని, "వావ్! శభాష్ బేటా! సో క్యూట్!" అంది.

చెప్పింది విన్నదా అసలు? అక్కడే నిలబడి వింది కదా! నేను కుర్చీలోంచి లేచాను. స్టేజీ ఎక్కకూడదన్న నియమం నియమంలాగే ఉండనీ, ఆ మైకు లాక్కుందామనే లేచాను.

మా అమ్మాయి మైకు వదల్లేదు. బుగ్గ మీది చెయ్యి తీసేసింది. హైదరాబాదు హిందీలో, షాపులో గిరాకీని అడిగినట్టు అడిగింది, "నీకెన్నేళ్ళు?"

ఆ అమ్మాయి నవ్వింది. "నాకా? ట్వంటీ త్రీ."

"నాకు ట్వంటీ ఎయిట్."

ఆ అమ్మాయి ఇంకా నవ్వుతూనే ఉంది. మా అమ్మాయి మాత్రం నవ్వకుండా ఆ పిల్ల ముఖంలోకే చూస్తూ నిలబడింది. నవ్వు మెల్లగా పోయింది. ఆ చలాకీ పిల్ల మెడ దాకా ఎర్రబడింది. "సారీ దీదీ," అంది. మైకులో కాదు, కానీ మైకు పట్టేసింది.

అప్పుడిచ్చింది మా అమ్మాయి మైకు. తాపీగా మెట్లు దిగి వచ్చింది. కేరళ ఆయన లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. నాకు కళ్ళు మసకబారాయి. ఏడుపూ వచ్చింది, ఇంతకాలం ఇంత చిన్న మాట కోసమా అని మంటా వచ్చింది.

అది వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. అధ్యక్షులు నా మీదుగా వంగారు. ఆయన కళ్ళూ చెమ్మగిల్లాయి. నా చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, "అదరగొట్టేసిందమ్మా! మన పాప అదరగొట్టేసింది!" అన్నారు.

నేను నోరు తెరిచాను. ఇన్నేళ్ళ కోపం నాలుక చివర ఉంది. మా అమ్మాయి నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"అమ్మా, నువ్వు జర ఊకో."

ఆయన వైపు తిరిగింది. "అంకుల్, నువ్వు మా అమ్మను 'అమ్మా' అంటవ్. అందర్ని 'అమ్మా' అంటవ్. నన్ను గూడ గట్లనే అను."

చుట్టుపక్కలవాళ్ళు నా ముఖం చూశారు. ఎప్పుడూ అంతే, అదేమన్నా దాని అర్థం నన్ను అడుగుతారు. ఆయన కూడా నా వైపే చూశారు. నేను నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను. నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతకాని పని, అయినా కూర్చున్నాను.

చివరికి ఆయన, "సరేనమ్మా," అన్నారు.

"భోజనం ఏడ పెడుతున్రు?" అని అడిగింది మా అమ్మాయి.

"కింది అంతస్తులోనమ్మా. మెట్లు దిగి ఎడమ వైపు," అన్నారాయన. నాతో కాదు, దానితో. అది లేచి ముందు నడిచింది.